గీత మీద తిరగలి

ఒక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ఏడు సీమలు, ఏడు భాషలు, ఒక్క చక్రవర్తి. ప్రతి ఇంట్లోనూ ఒక తిరగలి.

కథ ఇంతే. మిగిలినదంతా ఆ తిరగళ్లను ఎవరు ఎత్తుకుపోయారన్నదే. ముందుకు జరగండమ్మా, ఆ స్తంభం వెనక కూర్చుంటే సగమే వినపడుతుంది. సగం విన్న కథ సగం విసిరిన పిండిలాంటిది, గొంతులో అడ్డం పడుతుంది.

ఆ తిరగళ్లకు ఒక పుట్టుక ఉంది. చక్రవర్తి ముత్తాత ఏడు సీమలనూ కత్తితో గెలిచాడు. గెలిచాక వాటి మధ్య పాతి ఉన్న హద్దురాళ్లన్నీ పెరికించాడు. రాతిపనివాళ్లను పిలిచి, "వీటిని తిరగళ్లు చెయ్యండి, ఇంటికొకటి ఇవ్వండి. ఇకమీదట నా రాజ్యంలో రాయి అడ్డం నిలబడదు, అన్నం పెడుతుంది" అన్నాడు. మంచి మాటే. కాని ఆ మాట అనేటప్పుడు ఆయన చేతిలో కొరడా ఉంది. తిరగలి దగ్గర పాడే పాట చక్రవర్తి భాషలోనే ఉండాలని కూడా అన్నాడు. కొండసీమ ఆడది తన భాషలో గొంతెత్తితే గుమ్మంలోకి భటుడు వచ్చేవాడు. రాయి ఇచ్చాడు, పాట లాక్కున్నాడు. ఇది కూడా చెప్పాలి నేను. స్వామి సన్నిధిలో కూర్చుని నాకు నచ్చిన సగమే చెబితే ఆ పాపం నాది.

ఆడవాళ్లు మాత్రం దాన్ని రాజుగారి రాయి అనుకోలేదు. పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. పెళ్లిపనులు మొదలుపెడితే ముందు దానికే కంకణం కట్టారు. మూడు తరాలు గడిచేసరికి అది ఒకప్పుడు హద్దురాయన్న సంగతి మనుషులూ మరిచారు, రాయీ మరిచింది.

తిరగలి వాడేకొద్దీ నున్నబడుతుంది. నున్నబడ్డ రాయి గింజను నలపదు, దొర్లిస్తుంది. అప్పుడు ఉలితో దాని ముఖం మీద మళ్లీ గంట్లు కొట్టాలి. ఆ పని చేస్తూ ఊరూరా తిరిగే ఒక అవ్వ ఉండేది. ఆమెను అందరూ ఉలి అవ్వ అనేవారు. అసలు పేరు ఆమె పెళ్లిలో పురోహితుడు పలికాడు, ఆ తర్వాత ఎవరికీ అవసరం రాలేదు. ఏడు సీమల వంటిళ్లలోకీ ఆమెకు దారి తెలుసు. ఏడు భాషల్లోనూ మంచినీళ్లు అడగగలదు, ఏడింటిలోనూ తిట్టగలదు.

ఆ పనికి ఒక ఆచారం ఉంది. గంట్లు కొట్టడానికి పైరాయి దించితే, పని అయిన మరుక్షణం తిరిగి కిందిరాయి మీద పెట్టాలి. ఎందుకంటే రెండు రాళ్లూ విడివిడిగా ఉన్నాయంటే ఆ ఇంట్లో చావు జరిగిందని గుర్తు. కర్మ అయ్యేదాకా అలా ఉంచి, ఆనక కలుపుతారు. అందుకే అవ్వ ఏ ఇంట్లోనూ రాళ్లను విడిగా వదిలి లేచింది లేదు. కలిపి, మూడు చుట్లు తిప్పి, "కలిసి తిరగండి తల్లీ, ఇంటికి అన్నం పెట్టండి" అని దణ్ణం పెట్టాకే ఉలి సంచిలో వేసుకునేది.

అవ్వ ఇల్లు పల్లపుసీమలో, చివరి ఊళ్లో. ఆమె ఒక్కగానొక్క కూతుర్ని జొన్నచేల అవతల కొండసీమ మొదటి ఊళ్లో ఇచ్చింది. మధ్య దూరం ఎంతంటారా? ఇక్కడ పొయ్యి మీద పాలు పెట్టి, అక్కడికి వెళ్లి మనవరాలిని ముద్దాడి వచ్చేసరికి పాలు పొంగేవి. అంతే దూరం.

ఇదిలా ఉండగా, ఒక మధ్యాహ్నం ముగ్గురు సీమాధిపతులు ఒక మామిడితోటలో భోజనానికి కూర్చున్నారు. పప్పులో మామిడికాయ పులుపు చాలలేదన్నాడు ఒకడు. చక్రవర్తి ముసలివాడైపోయాడన్నాడు ఇంకొకడు. మూడోవాడు కాగితం ఉందా అని అడిగాడు. విస్తట్లో మజ్జిగ పడేలోపు రాజ్యం లేదు.

మిగతా నాలుగు సీమలకూ కబురు కూడా పంపలేదు. వాళ్లు స్వతంత్రులయ్యారని వాళ్లకు మర్నాడు తెలిసింది. చక్రవర్తికి మంగలి చెప్పాడు. "మిగతా గడ్డం గియ్యమంటారా ప్రభూ?" అని అడిగి, అలాగే నిలబడిపోయాడట. చక్రవర్తి అద్దం వంక చూసి, "సగం గీశావుగా, పూర్తి చెయ్యి" అన్నాడట.

నాకు కోపం ఎక్కడ వస్తుందో చెప్పనా అయ్యలారా! ఏడు సీమలనూ కలిపినప్పుడు జనాన్ని ఎవడైనా అడిగాడా? లేదు. విడగొట్టినప్పుడు? చేతులు కడుక్కుంటూ కూడా అడగలేదు. కట్టినవాడు కొరడాతో కట్టాడు, విప్పినవాళ్లు ఎంగిలిచేత్తో విప్పారు. మధ్యలో ఉన్నది మనుషులన్న ఆలోచన ఆ పూట ఆ తోటలో ఒక్కడికీ రాలేదు. పైన ఉన్నవాడు చూస్తూనే ఉన్నాడు. వీళ్లే పైకి చూడలేదు.

అలాగని జనం సంతోషించలేదని చెప్పను. కొండసీమలో ఆ పొద్దున డప్పులు మోగాయి. అవ్వ అల్లుడు బడిపంతులు. అతను పిల్లలకు మొట్టమొదటిసారి సొంత భాషలో అక్షరం దిద్దించి, పలక పట్టుకుని ఏడ్చాడు. సంగతి వినగానే అవ్వ అతని దగ్గరకు వెళ్లింది.

"ఏం నాయనా, ఇంతమంది ఇంత గోల చేస్తున్నారు. ఏమైంది?"

"స్వేచ్ఛ వచ్చింది అత్తమ్మా. మా నాన్న ఈ భాషలో ఒక పాఠం చెప్పినందుకు ఆయన వేళ్లు విరగ్గొట్టారు. చచ్చేదాకా అన్నం కలుపుకోలేకపోయాడు. నాకు మా దేశం కావాలి, దానికొక గీత కావాలి."

అవ్వ అతని తల నిమిరింది. "గీసుకో నాయనా. నీ బాధ నాకు తెలియదా? నేనే పెట్టాను మీ నాన్న నోట్లో ముద్ద, ఎన్నిసార్లో. గీసుకో. నన్ను మాత్రం అటు ఒక కాలు, ఇటు ఒక కాలు పెట్టుకోనివ్వు."

"నువ్వు మా అమ్మవి. నిన్నెవరు ఆపుతారు అత్తమ్మా?" అన్నాడు అల్లుడు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

గీత గియ్యడానికి కొలతల దొర వచ్చాడు. ఒంటి మీద మాసిక లేదు, చెప్పులకు దుమ్ము లేదు, చేతిలో పటం. పటం మీద గీత గంటలో అయిపోయింది. నేల మీద గియ్యబోతే రాళ్లు కావాలి, ఒకటీ రెండూ కాదు, లక్షలు. కొండ కొట్టి, చెక్కి, మోయించాలంటే మూడేళ్లు పడుతుంది. అధిపతులకు మూడు వారాల్లో కావాలి. కొత్త దేశం, పండగ చెయ్యాలిగా!

కొలతల దొర పాత దస్తావేజులు తిరగేశాడు. వెతగ్గా వెతగ్గా అతనికి ముత్తాత ఆజ్ఞ దొరికింది. ఎగిరి గంతేశాడు.

"రాళ్లు ఇళ్లలోనే ఉన్నాయి! ఇవి పూర్వం హద్దురాళ్లే. వాటి చోటికి వాటిని పంపడమే న్యాయం."

న్యాయమట! వినండి ఆ మాట. మూడు తరాల ఆడవాళ్లు అరచేతులు బొబ్బలెక్కించుకుని, ఇంటిల్లిపాదికీ తిండి పెట్టి, పసుపు రాసి, దేవుడి పక్కన నిలుపుకున్న రాయి. అది ఎవరిదో తేల్చడానికి చెదలు తిన్న కాగితం చాలింది వాళ్లకి. చేతులు అడ్డం రాలేదు.

బళ్లు వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి తిరగళ్లు ఎత్తారు. గీత ఎక్కువ, తిరగళ్లు తక్కువ. దాంతో కింద దిమ్మకు పనికొస్తాయని రోళ్లూ పొత్రాలూ కూడా ఎత్తారు. తేలిగ్గా ఉంటుందని భటులు పైరాయి ఒక బండిలో, కిందిరాయి ఇంకో బండిలో వేశారు. గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు అది చూసి ఒక్కసారి గొల్లుమన్నారు. భటులకు అర్థం కాలేదు. "ఏంటమ్మా, రాయికి ఏడుస్తారా?" అని నవ్వారు. ఊళ్లకు ఊళ్లు ఒక్కరోజే చావు ఇళ్లయిపోయాయని వాళ్లకు చెప్పేవాళ్లెవరు?

అవ్వ ఇంటికీ వచ్చారు. ఆమె గడపలో కూర్చుని ఉంది.

"లేవవ్వా, తిరగలి పట్టుకుపోవాలి."

"పట్టుకుపోండి. పిండి ఎవరు విసురుతారు? మీ అధిపతా?"

"దేశం కోసమవ్వా."

"ఏ దేశం కోసం?"

భటుడు తన టోపీ తీసి చూసుకున్నాడు. దాని మీద కొత్త గుర్తు కుట్టారు. చూసి, పెట్టుకుని, "మన దేశం" అన్నాడు.

ఇక ఊళ్లలో గింజ ఉంది, పిండి లేదు. రాగులూ జొన్నలూ గాదెల్లో నిండుగా ఉన్నాయి. రొట్టె లేదు, జావ లేదు. పళ్లున్నవాళ్లు గుగ్గిళ్లు ఉడకేసుకున్నారు. పళ్లు ఊడినవాళ్లూ పళ్లు రానివాళ్లూ ఏం తింటారు? ఆ ప్రశ్న కొలతల దొర పటంలో లేదు.

నాలుగో రోజున, కాపలా పడేముందే కొండసీమ నుంచి దాటి వచ్చిన చేపలమ్మే మనిషి అవ్వకు కబురు తెచ్చింది. కూతురికి జ్వరం తగిలి పాలు ఎండిపోయాయట. పాపకు ఆరో నెల నిండింది. ఊళ్లో ఆవులు కూడా వట్టిపోయి ఉన్నాయి. ఉడికిన రాగిగింజలు మెదిపి పెడితే పాప ఉక్కిరిబిక్కిరై కక్కేసిందట. మెత్తటి పిండితో జావ కాచి పట్టాలి. లేకపోతే పాప దక్కదని మంత్రసాని చెప్పేసిందట.

అవ్వ కొంగున రాగులు పోసుకుని జొన్నచేల దారిన పరుగెత్తింది. చేల మధ్య సున్నంతో తెల్లగా గీత, దాని పక్కన బళ్లు దింపిపోయిన తిరగళ్ల గుట్టలు. గీత మీద మీసాల కాపలావాడు. అవతల పక్క కొండసీమ కాపలావాడు.

"ఆగవ్వా. అవతల పరాయిదేశం."

అవ్వ అతని ముఖం కేసి చూసింది. "నువ్వు కుమ్మరిగూడెం రంగసాని కొడుకువి కాదట్రా? మీ అమ్మ తిరగలికి గంట్లు కొడుతుంటే నా ఒళ్లో పాకావు. నీ మీసాలు రాకముందు నీ ముక్కు నా కొంగుకే తుడిచాను."

మీసాల కాపలావాడు ఇటూ అటూ చూశాడు. "అరవకవ్వా, వాడు వింటాడు. ఆజ్ఞ. గీత మీదుగా మనిషి పోకూడదు, పశువు పోకూడదు, గింజ గాని పిండి గాని ఈ చేతి నుంచి ఆ చేతికి మారకూడదు. మారితే ఇద్దరు కాపలావాళ్లకీ ఉరి."

"పసిపాపరా."

"నాకు తెలుసవ్వా," అన్నాడు. తుపాకీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కొలతల దొర అటుగా వచ్చాడు. అవ్వ నడుముకు వేలాడుతున్న సంచిలో ఉలి చూశాడు. రాతిపనివాళ్లు దొరక్క నాలుగు రోజులుగా తల పట్టుకుని ఉన్నాడు.

"నీకు రాయి చెక్కడం వచ్చా?"

"నాకు వచ్చింది అదొక్కటే."

"ఈ రాళ్లు పాతి, ఒక్కోదాని మీద ఒక బాణం చెక్కాలి. బాణం మొన వైపు పల్లపుదేశం, తోక వైపు కొండదేశం. పక్కనే ఇద్దరు అధిపతుల పేర్లూ. చెయ్యగలవా?"

అవ్వ గీత వంక చూసింది. అవతల, చేల చివర, కూతురి ఇంటి పొగగొట్టం కనిపిస్తోంది. పొగ లేదు.

"చేస్తాను. కానీ ఈ చోటే మొదలుపెడతాను."

"ఎక్కడైతే ఏం? రాయి ఎత్తుగా కనబడాలి. పైదీ కిందిదీ కలిపి పాతు. వంద మూరల దూరం నుంచి కూడా బాణం కనబడాలి."

అవ్వ ఒక పైరాయి మీద చెయ్యి వేసింది. ఆమె నిజాయితీ గలది అయ్యలారా, మోసం చేసే మనిషి కాదు. అందుకే అడిగింది. "దొరా, తమరు తిరగలి ఎప్పుడైనా చూశారా?"

"పిండి చూశాను. చాలదా?"

"పైరాయి మీద చెక్కితే..."

"రాయి సంగతి నాకు చెప్పకు. ఈ గీత గీసింది నేను. చెప్పిన పని చెయ్యి" అని, దొర గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

చూశారా! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రోజుకు రెండు పూటలా రొట్టె తిన్నాడు. ఆ రొట్టెకు పిండి ఎలా వచ్చిందో ఒక్కనాడు వంటింట్లోకి తొంగి చూడలేదు. ఆ కాగితం మీద సంతకాలు పెట్టిన ముగ్గురూ చూడలేదు. ఈ దేశాలన్నీ చీల్చిన అంత పెద్ద తెలివి, తిరగలి పైరాయి తిరుగుతుందన్న చిన్న సంగతి తెలియని తెలివి. ఆ పరమాత్ముడికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నాకు తెలియదు.

అవ్వ పని మొదలుపెట్టింది. కిందిరాయిని సగం భూమిలోకి దించి, దిమ్మ కట్టింది. నడిమేకు సరిచేసింది. ముఖానికి గంట్లు కొట్టింది, ఎందుకంటే ఆమె చేతుల్లోంచి గంట్లు లేని రాయి ఎన్నడూ వెళ్లలేదు. పైరాయి ఎత్తి పెట్టింది. దాని మీద బాణం చెక్కింది, పేర్లు చెక్కింది. పిడి కొయ్య దిగ్గొట్టింది. మూడు చుట్లు తిప్పి, అలవాటు కొద్దీ దణ్ణం పెట్టింది. "కలిసి తిరగండి తల్లీ."

ఆ మాట అంటూనే తిరిగే రాయి వంక, కొంగులోని రాగుల వంక చూసింది. లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కూతుర్ని పిలిచింది.

కూతురు వచ్చింది. జ్వరంతో తూలుతూ, పాపను భుజాన వేసుకుని వచ్చింది. వెనకే అల్లుడు. పాప ఏడవడం లేదు. ఏడ్చే ఓపిక లేని పిల్ల ఎలా ఉంటుందో చూసినవాళ్లు మీలో ఉన్నారు, నేను చెప్పనక్కర్లేదు.

"అమ్మా, ఈ గీత దాటి రావచ్చా?"

"వద్దు. నువ్వు నీ దేశంలోనే కూర్చో. నేను నా దేశంలో కూర్చుంటాను. ఎదురెదురుగా కూర్చోవడం కొత్తా మనకి?"

తిరగలి ఒక్కరు విసిరేది కాదు తల్లులారా, మీకు తెలుసు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, ఒకే పిడి మీద రెండు చేతులు వెయ్యాలి. రాయికి ఇటు తల్లి, అటు కూతురు కూర్చున్నారు. అవ్వ రాళ్ల చుట్టూ ఇటువైపు తన కొంగు పరిచింది, కూతురు అటువైపు తన కొంగు పరిచింది. అవ్వ గుప్పెడు రాగులు తీసి తిరగలి నోట్లో పోసింది.

మీసాల కాపలావాడు అదిరిపడ్డాడు. "అవ్వా, గింజ!"

"నేనెవరి చేతికిచ్చానురా? రాతి నోట్లో పోశాను."

రాయి తిరిగింది. పిండి రాలింది. పిండికి ఎటు రాలాలో ఎవరూ చెప్పలేదు, అది చుట్టూ రాలింది. సగం పల్లపుదేశంలో, సగం కొండదేశంలో. ఎవరి చేతి నుంచీ ఎవరి చేతికీ ఏదీ మారలేదు. కొండసీమ కాపలావాడు మీసాల కాపలావాడి వంక చూశాడు. ఇద్దరూ ఒకేసారి చెట్ల మీద కొంగల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

అవ్వ పాట అందుకుంది, పల్లపు భాషలో. రెండో చరణం కూతురు అత్తింటి భాషలో అందుకుంది. చక్రవర్తి కాలంలో ఈ రెండు పాటలూ ఒక తిరగలి దగ్గర వినబడలేదు. అల్లుడు గుంజలా నిలబడి విన్నాడు. తన తండ్రి వేళ్లు ఏ భాషకోసం విరిగాయో ఆ భాష, ఏ రాయి చుట్టూ తిరుగుతోందో చూశాడు. ఆ తర్వాత పరుగెత్తి, మూడు రాళ్లు పేర్చి, పొయ్యి వెలిగించి, జావ కాచాడు. అత్తను ఎవరూ ఆపరన్నవాడు ఆ గీత ముందు నిలబడి తలెత్తలేకపోయాడు.

పాప మొదట మింగలేదు. కూతురు వేలితో చప్పరింపజేసింది. రెండోసారి పెదాలు కదిలాయి. మూడోసారి వేలు కరిచింది.

వాళ్లిద్దరి మధ్య, పైరాయి మీద, బాణం గిర్రున తిరుగుతోంది.

మర్నాడు ఆ చోటికి ఇరవై మంది వచ్చారు. అవ్వ ఊరుకోలేదు. దొర చెప్పిన పనే కదా, చేసుకుంటూ పోయింది. రోజుకు ఎన్నయితే అన్ని రాళ్లు, అన్నీ గంట్లు కొట్టి, అన్నీ కలిపి, అన్నిటికీ పిడి. వారం తిరిగేసరికి గీత పొడవునా, కనుచూపు మేర, రాళ్లకు ఇటొకరు, అటొకరు. అత్తలూ కోడళ్లూ, వియ్యపురాళ్లూ, మునుపు మాటల్లేని తోడికోడళ్లు కూడా. పిడి మీద రెండో చెయ్యి కావాలిగా మరి, అలిగి కూర్చుంటే ఆకలి తీరదు. గాలిలో పిండి వాసన, రెండు భాషల పాట.

కొలతల దొర పటం పట్టుకుని పరిశీలనకు వచ్చాడు. మొదటి రాయి దగ్గర బాణం పల్లపుదేశం తూర్పున ఉందంటోంది. రెండో రాయి పడమర అంటోంది. మూడోది గీత వెంబడే పడుకుంది. నాలుగోది దొర చూస్తుండగానే అతని బొడ్డు వైపు తిరిగింది. చేతిలో పటం తలకిందులుగా పట్టుకుని చూశాడు, అప్పుడూ కుదరలేదు.

అధిపతులిద్దరూ పల్లకీల్లో వచ్చారు. అవ్వను నిలబెట్టారు.

"ముసలిదానా, దేశం హద్దు కదిపావా?"

"కిందిరాయి చూడండి బాబూ. దొర పెట్టమన్న చోటే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు. కదిలేది పైరాయి, అది పుట్టింది కదలడానికి. దాని మీద మీ పేర్లు రాయమన్నది నేనా?"

కొండసీమ అధిపతి దొర వంక చూశాడు. దొర నేల వంక చూశాడు.

పల్లపుసీమ అధిపతి, ఆ తోటలో పప్పు పులుపు చాలలేదన్నవాడే, చిటికె వేశాడు. "పిడులు పీకించండి. అన్నీ. ఎలా తిప్పుతారో చూద్దాం."

పాతి ఉన్న రాళ్లు పెరకడానికి వాళ్లకు మనసు రాలేదు, పండగ దగ్గరపడింది. అందుకని పిడి కొయ్యలు పీకారు. గుట్టపోసి తగలబెట్టారు. ఏ బాణం ఎటుంటే అటే ఆగిపోయింది. ఆ మంట చుట్టూ సైనికులు నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగుల్లో గింజలతో అలాగే కూర్చున్నారు, ఒక్కరూ లేవలేదు. ఆ నిశ్శబ్దంలో పాప ఏడ్చింది. వారం రోజుల జావతో దానికి ఏడ్చే ఓపిక వచ్చింది.

"ఇక బాణాలు సరిచేసి చెక్కు," అన్నాడు కొలతల దొర, అవ్వతో. "పైరాయి కదలదు కాబట్టి ఈసారి తప్పు రాదు. ఈ చుట్టుపక్కల ఉలి పట్టేదానివి నువ్వొక్కదానివే మిగిలావు."

అవ్వ సంచిలోంచి ఉలి తీసింది. యాభై ఏళ్ల ఉలి. వాళ్లమ్మ చేతిది. అంచు అరిగి అరిగి జానెడు మిగిలింది. అది పోతే ఆమెకు ఇంకో పని లేదు, ఇంకో కూడు లేదు. దాన్ని కళ్లకద్దుకుంది. సుత్తి అందుకుంది. వంగి, అవతల కూతురు కూర్చున్న తిరగలి మీద పిడి పీకిన గుంతలో ఉలిమొన నిలబెట్టింది.

"అక్కడ కాదే!" అన్నాడు దొర.

అవ్వ సుత్తి ఎత్తి కొట్టింది. ఒకటి. రెండు. మూడో దెబ్బకు ఉలి సగం దాకా దిగి, రాతిలో బిగుసుకుపోయింది. ఇక దాన్ని ఏ సైనికుడూ పీకలేడు, ఏ మంటా కాల్చలేదు. అవ్వ కూడా దాన్ని మళ్లీ తీసుకోలేదు.

కూతురు తన చీర అంచు చించి గీత మీదుగా విసిరింది. ఇనుము అరచెయ్యి కొయ్యకుండా అవ్వ దాన్ని ఉలికి చుట్టింది. మీసాల కాపలావాడు గుడ్డముక్క గీత దాటడం చూశాడు. చూసి, కొంగల్ని లెక్కపెట్టాడు. చెట్టు మీద ఆ వేళ కొంగలు లేవు.

"ఇప్పుడు మా పేర్లు ఎవరు చెక్కుతారు?" అని పల్లకీలోంచి కేక వచ్చింది.

అవ్వ తలెత్తలేదు. గుప్పెడు రాగులు రాతి నోట్లో పోసింది. అటువైపు నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది.

అధిపతుల పేర్లతో సహా రాయి తిరిగింది. బాణం కొండల వైపు పోయింది, పల్లం వైపు వచ్చింది, పల్లకీల వైపు పోయింది, ఆకాశం కింద ఉన్న అన్ని వైపులకూ పోయి వచ్చింది. కొలతల దొర దాని వెంట తల తిప్పుతూ నిలబడ్డాడు.

పాప మాత్రం బాణం వంక చూడలేదు. ఇంకో వేలి జావ కోసం నోరు తెరిచింది.